ఎనిమిది పెట్టెల బీరు: మారుబేరపు సరుకును ఎందుకు కొనలేదంటే

2019 శరత్కాలంలో ఒక సాయంత్రం, బెల్జియంలోని లూవెన్ పట్టణంలో నేను కొనుగోళ్ల బాధ్యత చూస్తున్న బీరు దుకాణానికి ఒక వ్యక్తి ఫోన్ చేశాడు. తన దగ్గర వెస్ట్‌ఫ్లెటరెన్ 12 ఎనిమిది పెట్టెలు ఉన్నాయనీ, పెట్టె 170 యూరోలకు ఇస్తాననీ, మర్నాడు సాయంత్రంలోగా జవాబు కావాలనీ చెప్పాడు. పెట్టెకు 24 సీసాలు, సీసాకు 33 సెంటీలీటర్లు. అదే పెట్టె, ఆ బీరు తయారయ్యే మఠం గేటు దగ్గర, సీసాలకూ పెట్టెకూ కట్టే డిపాజిట్ కాకుండా, అప్పట్లో 45 యూరోలకే దొరికేది. కొనాలా వద్దా అన్నది లెక్కతో సహా కాగితం మీద పెట్టమని మా యజమాని నన్ను అడిగారు. ఆ రాత్రి రాసిన నోటునూ, దాని వెనకా ముందూ జరిగినదాన్నీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. చదువు కోసం హైదరాబాదు నుంచి వచ్చి ఈ వృత్తిలో స్థిరపడిన నాకు, లాభం కనిపిస్తున్న సరుకును వదులుకోవడానికి కారణాలు రాయవలసి రావడం అదే మొదటిసారి.

సరుకు, దాని గేటు

వెస్ట్ ఫ్లాండర్స్‌లో పోపరింగె పట్టణానికి దగ్గరలో, బీరుకు చేదునిచ్చే హాప్స్ తోటలు పెరిగే ప్రాంతంలో, సింట్-సిక్స్‌టస్ అనే ట్రాపిస్ట్ మఠం ఉంది. ట్రాపిస్టులంటే కఠిన నియమాలు పాటించే క్యాథలిక్ సన్యాసులు. వెస్ట్‌ఫ్లెటరెన్ బీరు తయారయ్యేది ఇక్కడే, ఆ పేరు మఠం ఉన్న గ్రామానిది. 1831లో ఏర్పడిన ఈ మఠంలో 1830ల చివరి నుంచే బీరు కాస్తున్నారు. సన్యాసులు తమ చేతి పనితో బతకాలన్నది వారు పాటించే బెనెడిక్ట్ నియమావళి చెప్పే మాట. ఇక్కడ ఆ పని బీరు తయారీ. మూడే రకాలు చేస్తారు: ఆకుపచ్చ మూత ఉన్న బ్లాండ్ 5.8 శాతం, నీలం మూత ఉన్న 8 ఆ పేరుకు తగ్గట్టే 8 శాతం, బంగారు రంగు మూత ఉన్న 12 మాత్రం 10.2 శాతం ఆల్కహాలుతో ఉంటాయి. అన్నీ కలిపి ఏడాదికి సుమారు 6 వేల హెక్టోలీటర్లు, అంటే 6 లక్షల లీటర్లు. మరో ట్రాపిస్ట్ మఠమైన షిమేలో తయారయ్యే బీరు ఏటా లక్ష హెక్టోలీటర్లు దాటుతుంది కాబట్టి, ఇక్కడి కొరతకు మఠజీవితం దానంతటదే కారణం కాదని గుర్తించాలి. ఎంత కాస్తే తమ అవసరాలకు సరిపోతుందో లెక్క వేసుకుని, అక్కడితో ఆపేయాలని సింట్-సిక్స్‌టస్ సన్యాసులు నిర్ణయించుకున్నారు.

2005లో రేట్‌బీర్ వెబ్‌సైటు సభ్యుల రేటింగుల్లో 12 ప్రపంచంలోకెల్లా ఉత్తమ బీరుగా నిలిచింది. మఠం ముందు కార్లు బారులు తీరాయి, నిల్వలు ఖాళీ అయ్యాయి. సన్యాసులు ఉత్పత్తి పెంచలేదు, ధర కూడా జనం ఇవ్వజూపినంతకు పెంచలేదు. ముందుగా ఫోన్ చేసి (2019 జూన్ నుంచి ఆన్‌లైన్‌లో) వంతు తీసుకోవాలి, కారు నంబరు నమోదు చేయించాలి, చెప్పిన రోజున చెప్పిన గంటకు అదే కారులో రావాలి, ఒకసారికి ఇచ్చే పెట్టెలకు పరిమితి ఉంటుంది, మళ్లీ అడగాలంటే 60 రోజులు ఆగాలి. ఇవన్నీ ఆ రద్దీని అదుపు చేయడానికి పెట్టుకున్న పద్ధతులు. తిరిగి అమ్మకూడదన్న షరతు కూడా వాటితోపాటే ఉంది, కొన్నవారికి ఇచ్చే రసీదు మీదే ఆ మాట ఉంటుంది.

దీన్ని చూసి, పాపం సన్యాసులకు వ్యాపారం తెలియదు, మార్కెట్ ధర ఎంతో తెలియక తక్కువకు అమ్ముకుంటున్నారు అనుకునేవారిని నేను చాలామందిని చూశాను. అది పొరపాటు. 2011 నవంబరులో, పాతబడిన మఠం భవనాలను తిరిగి కట్టుకోవడానికి డబ్బు అవసరమైనప్పుడు, ఆరు సీసాల 12, రెండు గ్లాసులు ఉన్న పెట్టెలను బెల్జియంలోని కోల్‌రౌట్ సూపర్‌మార్కెట్ల ద్వారా 25 యూరోలకు అమ్మారు. 2012 డిసెంబరు 12న అలాంటి పెట్టెలే అమెరికాలో 84.99 డాలర్లకు అమ్మకానికి వచ్చాయి. అక్కడి ధరలో దిగుమతిదారు, పంపిణీదారు, దుకాణదారు వాటాలు కలిసి ఉన్నాయన్నది నిజమే గానీ, ఎక్కువ ధరకు కూడా తమ బీరు క్షణాల్లో చెల్లిపోతుందని సన్యాసులు కళ్లారా చూశారు. అవసరానికి ఒకసారి బయటి మార్కెట్‌లో అమ్మి, ఆ పని గడిచాక తిరిగి గేటు దగ్గరి ధరకే వచ్చారు. కాబట్టి గేటు ధరకూ బయటి ధరకూ మధ్య ఉన్న తేడాను వారు పోగొట్టుకోలేదు. తెలిసి, కావాలని, తమ గేటు దాకా వచ్చి వంతు కోసం ఆగినవారికి వదిలేశారు. ఈ విషయంలో నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క అంశం మీదే నిలబడి ఉంది.

అంతకు ముందు ఏడాది నేను చేసిన తప్పు

2018 వేసవిలో ఇలాగే వచ్చిన ఒక అమ్మకందారు దగ్గర రెండు పెట్టెల 12 కొన్నాను. అప్పుడు నేను వేసుకున్న ప్రశ్న ఒక్కటే, ఎంత మిగులుతుంది అని. సీసాలు మఠం వారి చెక్క పెట్టెల్లో కాకుండా మామూలు అట్టపెట్టెల్లో వచ్చాయి, ఎందుకంటే ఆ చెక్క పెట్టెను తిరిగి ఇస్తేనే డిపాజిట్ వెనక్కి వస్తుంది. మూడు వారాల తరువాత ఒక కొనుగోలుదారు సగం తాగిన సీసాను తీసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. ఏమీ అనలేదు, వాసన చూడమన్నాడు. ఎండుద్రాక్ష, కారమెల్ వాసనలు రావలసిన బీరులో వానకు తడిసిన అట్ట వాసన వచ్చింది. ఎక్కువ రోజులు వేడిలో ఉన్న బీరులో ఆక్సిజన్ చేసే పని అది. ఏ కారు డిక్కీలోనో, ఏ గారేజీలోనో ఎన్ని వారాలు ఎండకు మగ్గిందో నాకు తెలియదు.

ఆ సీసా మీద లేబుల్ లేదు, అప్పట్లో ఆ బీరుకు లేబులే ఉండేది కాదు. సీసా మెడ చుట్టూ గాజులోనే పోసిన అక్షరాలు, మూత మీద కిక్కిరిసిన వివరాలు, అంతే. ఆ మూతను పట్టుకుని మఠాన్ని అడిగితే తయారీ గురించి చెప్పగలరేమో గానీ, గేటు దాటిన తరువాతి ప్రయాణం గురించి ఎవరూ చెప్పలేరు. ఆహార పదార్థం ఎవరి దగ్గర నుంచి వచ్చిందో ప్రతి వ్యాపారీ చూపించగలగాలని యూరోపియన్ యూనియన్ 178/2002 నిబంధన చెబుతోంది. నా దగ్గర ఇన్‌వాయిస్ లేదు, ఉన్న ఒక్క ఫోన్ నంబరు పని చేయడం లేదు. డబ్బు తిరిగి ఇచ్చేశాను. మిగిలిన సీసాలను అల్మారాలోంచి తీసేశాను. నష్టం చిన్నదే. కానీ ఆ మనిషి మళ్లీ మా దుకాణానికి రాలేదు, ఆ మఠం బీరు గురించి అతని మనసులో మిగిలిన రుచి కూడా ఆ తడి అట్టదే.

అదే 2018లో నెదర్లాండ్స్‌లోని యాన్ లిండర్స్ సూపర్‌మార్కెట్లు మఠానికి సంబంధం లేకుండా మధ్యవర్తుల ద్వారా సేకరించిన 7,200 సీసాలను, సీసా 10 యూరోలకు కాస్త తక్కువగా అమ్మకానికి పెట్టాయి. 24 చొప్పున లెక్కిస్తే అవి 300 పెట్టెలు. మఠం బహిరంగంగానే అభ్యంతరం చెప్పింది. ఆ తరువాత, 2019 జూన్‌లో, ఫోన్ పద్ధతిని పక్కన పెట్టి ఆన్‌లైన్ నమోదు మొదలుపెట్టింది. పేరు, కారు నంబరు ఇవ్వాలి. కొని ఎక్కువ కాలమైనవారికీ ఎన్నడూ కొననివారికీ ముందు వంతు వస్తుంది. ఆర్థిక శాస్త్రం చదివినవారు దీన్ని జాగ్రత్తగా చూడాలి. ఫోన్ పద్ధతిలో గంటల తరబడి ప్రయత్నించే ఓపిక ఉన్నవారిదే వంతు, కాబట్టి దాన్నే ఉద్యోగంగా చేసుకున్నవాడికి అది అనుకూలం. కొత్త పద్ధతిలో తరచుగా వచ్చేవాడు వెనక్కి జరుగుతాడు. ధర ముట్టుకోకుండా మారుబేరగాడి ఖర్చు పెంచిన మార్పు అది.

లెక్క

ఇప్పుడు ఎనిమిది పెట్టెల దగ్గరికి వద్దాం. పెట్టె 170 అంటే సీసా 7.08 యూరోలు పడుతుంది. మా ఊళ్లో దాన్ని 12 యూరోలకు సులభంగా అమ్మగలం. అందులో 21 శాతం వ్యాట్ పోతే 9.92 మిగులుతుంది. అమ్మేవాడు బిల్లు ఇవ్వడు కాబట్టి మేము తిరిగి రాబట్టుకునే పన్ను ఏమీ ఉండదు. సీసాకు 2.83 చొప్పున 192 సీసాల మీద సుమారు 544 యూరోలు. ఒక వారాంతంలో, ఒక్క అల్మారాలో, ఏ శ్రమా లేకుండా వచ్చే డబ్బు. చిన్న దుకాణానికి అది తక్కువ మొత్తం కాదు.

యజమానికి ఇచ్చిన నోటులో ఈ లెక్కను నేను ఇంకో వైపు నుంచి కూడా వేశాను. కొనుగోలుదారు మా కౌంటరు మీద పెట్టే 12 యూరోలు ఎవరెవరికి వెళ్తున్నాయి? ప్రభుత్వానికి 2.08. మా దుకాణానికి 2.83. ఫోన్ చేసిన వ్యక్తికి 5.21. బీరు కాచి, పులియబెట్టి, సీసాల్లో నింపి, నెలల తరబడి నిల్వ ఉంచినవారికి 1.88, అందులోంచి వారు కట్టవలసిన పన్నులు వేరు. రాత్రి పదకొండు గంటలకు ఈ నాలుగు అంకెలను ఒకదాని కింద ఒకటి రాసి చూసుకున్నప్పుడు, తయారు చేసినవారి వాటా అన్నిటికంటే తక్కువగా, పన్నుకన్నా కూడా తక్కువగా ఉండటం నన్ను బాగా ఇబ్బంది పెట్టింది.

అయితే వాటా తక్కువగా ఉండటమే అన్యాయం అనలేం. టమాటా రైతు దగ్గరి ధరకూ నగరంలో ధరకూ మధ్య కూడా ఇంత దూరం ఉండవచ్చు, ఆ దూరంలో నిజమైన రవాణా, పాడైపోయే సరుకు, అద్దెలు ఉంటాయి. మారుబేరంలో అన్నీ ఒకటే కావు. మన ఊళ్లలో బెల్టు షాపును అందరం చూశాం. లైసెన్సు ఉన్న దుకాణంలో ఎవరైనా కొనగలిగే సీసానే అక్కడి నుంచి తెచ్చి, ఊళ్లో పది ఇరవై రూపాయలు కలిపి అమ్ముతారు. అది చట్టవిరుద్ధమే, దాని వల్ల ఇళ్లలో జరిగే చెరుపు పెద్దదే. కానీ ధర వరకు మాత్రమే చూస్తే, బెల్టు షాపు అమ్మేది దూరాన్ని, వేళకాని వేళను. అసలు దుకాణం తెరిచే ఉంటుంది కాబట్టి పైధర అంతకు మించి పెరగదు. లూవెన్ నుంచి వెస్ట్‌ఫ్లెటరెన్‌కు సుమారు 150 కిలోమీటర్లు. పెట్రోలు, రోజంతా పోయిన సమయం లెక్క కట్టినా పెట్టెకు 125 యూరోల తేడాలో వాటి వంతు చిన్నది. మిగతాదంతా వంతుకు పలికిన ధర. సినిమా హాలు ముందు బ్లాక్‌లో టికెట్ అమ్మేవాడు మనకు అమ్మేది కూడా టికెట్ కాదు, మనకన్నా ముందు కొనేసిన వంతును.

అమ్మకందారుల వాదనలు

మారుబేరగాళ్ల తరఫున గట్టిగా వినిపించే మాట ఒకటుంది: ఎక్కువ ఇవ్వడానికి సిద్ధపడినవారికే ఆ వస్తువు ఎక్కువ విలువైనది, వారికి చేర్చడం వల్ల ఎవరికీ నష్టం లేదు, మఠం అడిగిన ధర మఠానికి ముట్టింది కదా అని. చాలా సరుకుల విషయంలో నేను ఈ వాదనను ఒప్పుకుంటాను. రాయి మీద దేవుడు రాసిన ధర అంటూ ఏ వస్తువుకూ ఉండదు. ఈ సరుకు విషయంలో మాత్రం అది నిలవదు, ఎందుకంటే ఎవరు ఎక్కువ ఇవ్వగలరన్న కొలబద్దను సన్యాసులు ముందే పక్కన పెట్టి, ఎవరు ఎంతకాలం ఆగారన్న కొలబద్దను పెట్టుకున్నారు. నష్టపోయేవాడు కనిపించడు, అంతే. ఎనిమిది పెట్టెలు ఒకరి డిక్కీలోకి వెళ్లాయంటే, అదే వారం తన వంతు కోసం కంప్యూటరు తెర ముందు కూర్చుని, సరుకు అయిపోయిందన్న మాట చదివి లేచిన కొందరు ఎక్కడో ఉన్నారు. గేటు ధర వారికోసం పెట్టింది.

ఇంకో విషయం నోటులో రాసేటప్పుడు నిర్ణయాన్ని తేల్చేసింది. అతను నమ్మకం కలిగించడానికి మూతల ఫొటో పంపాడు. పెద్దదిగా చేసి చూస్తే బంగారు మూతలన్నిటి మీదా ఒకే తేదీ ఉంది. నెలల తరబడి తన వంతుల్లో కొద్దికొద్దిగా కొని దాచుకున్న సరుకైతే తేదీలు వేరువేరుగా ఉండాలి. పరిమితి, 60 రోజుల విరామం ఉన్న చోట ఒకే తేదీ సరుకు ఎనిమిది పెట్టెలు ఒక్కరి దగ్గర పోగుపడాలంటే, వేరే పేర్లు, వేరే కార్లు వాడి ఉండాలి. ప్రతి పేరు మీదా తిరిగి అమ్మనని మాట ఇచ్చి ఉండాలి. అతని గురించి నాకు మరేమీ తెలియనక్కరలేకపోయింది. మాట తప్పిన సంగతిని సరుకే చెబుతోంది. అతని లాభం ఎంతన్నది కాదు, ఆ లాభం ఇతరులకు ఉద్దేశించిన దాన్ని మాట ఇచ్చి తీసుకోవడం వల్ల వచ్చిందన్నదే నా అభ్యంతరం. అది తెలిసి కొంటే, మా 2.83 యూరోలు కూడా అక్కడి నుంచే వస్తాయి.

తిరిగి అమ్మకూడదన్న షరతు విషయంలో చట్టం మాకు పెద్దగా దారి చూపలేదు. షరతు మఠానికీ మొదటి కొనుగోలుదారుకూ మధ్య ఒప్పందం. అందులో మేము లేము. అమెరికాలో సంగతి వేరు. 2013లో వెర్మాంట్ రాష్ట్రంలో, ఆల్కెమిస్ట్ అనే బ్రూవరీ (బీరు తయారీ సంస్థ) వారి హెడీ టాపర్ బీరు ఐదు పెట్టెలను 825 డాలర్లకు అమ్మబోయిన మహిళ మీద లైసెన్సు లేకుండా మద్యం అమ్మినందుకు కేసు పెట్టారు. అదే పని ఒక దేశంలో నేరం, మరో దేశంలో మాట తప్పడం మాత్రమే అయినప్పుడు, మంచిచెడ్డలను చట్టానికి వదిలేయడం కుదరదు. ఆ వెర్మాంట్ ఉదాహరణలో నాకు ఇంకా ముఖ్యంగా అనిపించేది తరువాతి కథ. 2016లో ఆల్కెమిస్ట్ స్టో పట్టణంలో మరో బ్రూవరీ తెరిచింది. సరుకు సులువుగా దొరికితే మారుబేరానికి ఊపిరి ఆడదు. ఆ దారి వ్యాపారికి తెరిచి ఉంటుంది. బతకడానికి సరిపడా మాత్రమే కాచాలని వ్రతం పట్టినవారికి, వ్రతం విడిచి మారుబేరాన్ని ఓడించండి అని చెప్పడం నాకు న్యాయంగా తోచదు.

కొనవద్దని రాశాను. యజమాని రెండుసార్లు చదివి, 544 అన్న అంకె కింద గీత గీసి, సరే అన్నారు.

తరువాత

ఖాళీగా ఉన్న ఆ అల్మారాలో సింట్ బెర్నార్డస్ సంస్థ వారి ఆబ్ట్ 12 బీరు పెట్టాం. దీనికి కారణం ఉంది. 1946 నుంచి 1992 దాకా, సింట్-సిక్స్‌టస్ పేరుతో బయట అమ్మే బీరును, మఠం ఇచ్చిన లైసెన్సు మీద, దగ్గరలోని వాటూ గ్రామంలో ఈ సంస్థే కాచేది. ట్రాపిస్ట్ బీరు మఠం గోడల లోపలే తయారవాలన్న పట్టింపు వచ్చాక ఆ లైసెన్సు ముగిసింది. రెండూ ఒకటే అని నేను అనను. మఠం 12 కాస్త ముదురుగా, అంజూరపు పండులా ఉంటుంది, ఆబ్ట్ కొంచెం తేలిక. కానీ పక్కపక్కన పోసి ఇస్తే తడబడనివారు తక్కువ. ఏ దుకాణంలోనైనా మామూలు ధరకు దొరికే సీసాకు ఇంత దగ్గరి రుచి ఉందంటే, బ్లాక్‌లో ఇచ్చే ఆ పది పన్నెండు యూరోల్లో నాలుకకు అందేది ఎంత, దొరకనిదాన్ని సంపాదించామన్న తృప్తికి పోయేది ఎంత అన్నది కొనేవారు తామే తేల్చుకోగలరు. పక్కనే ఒక అట్ట మీద ఈ చరిత్ర రాసి, మఠంలో పేరు నమోదు చేసుకునే పద్ధతి, మఠం ఎదురుగా ఉన్న ఇన్ డె వ్రేదె కేఫ్‌లో కూర్చుని తాగవచ్చన్న సంగతి కూడా రాశాం.

అందరూ మెచ్చుకోలేదు. ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, దాదాపు ఎనభై ఏళ్ల మనిషి, ఆ అట్టను కళ్లద్దాలు సవరించుకుంటూ చివరిదాకా చదివి, తనకు కారు లేదనీ, చూపు మందగించాక లైసెన్సు వదులుకున్నాననీ, ఆ మఠం బీరు భార్య బతికి ఉండగా ఏటా ఒకసారి వెళ్లి తెచ్చుకునేవాళ్లమనీ చెప్పారు. ఇప్పుడు పన్నెండు యూరోలు ఇస్తానన్నా మీరు అమ్మరు, మరి నాలాంటివాడికి ఎవరు అమ్మాలి అని అడిగారు. ఆయన మాట నిజం. వంతు అనేది కూడా ఉచితంగా రాదు. దాన్ని డబ్బుతో కాకుండా కారుతో, ఖాళీ రోజుతో, ఇంటర్నెట్‌తో కొనాలి. అవి లేనివారికి గేటు ధర కాగితం మీది అంకె. నా నోటులో ఈ మనిషికి చోటు లేదు, ఉండవలసింది. ఆ రోజు ఆయనకు నేను ఇవ్వగలిగిన జవాబు ఏమీ లేకపోయింది. నా వంతు వచ్చినప్పుడు తెచ్చిన పెట్టెలోంచి రెండు సీసాలు, గేటు ధర 3.75 యూరోలకే, దుకాణం బయట ఆయనకు ఇచ్చాను. అది కూడా తిరిగి అమ్మడమే అవుతుందా అని చాలాసేపు ఆలోచించాను. వంతుకు ధర కట్టలేదు కాబట్టి కాదనే అనుకుంటున్నాను.

2020 జనవరిలో ఆ మొదటి వ్యక్తి మళ్లీ ఫోన్ చేశాడు, పెట్టె 150కి ఇస్తానన్నాడు. ఇన్‌వాయిస్ ఉందా అని మాత్రం అడిగాను. లేదని పెట్టేశాడు.

ఆ తరువాతి ఏళ్లలో మఠమే బీరును ఇళ్లకు చేర్చే ఏర్పాటు మొదలుపెట్టింది. కారు లేనివారికీ దూరంగా ఉన్నవారికీ అవసరమైన ఆ ఒక్క సేవను, రవాణా ఖర్చు కలిపి, వంతు పద్ధతి చెడకుండా తానే అందించింది. మారుబేరగాడి శ్రమలో న్యాయమైన భాగం ఏదైనా ఉందంటే అదే. ఇప్పుడు దానికి న్యాయమైన ధర కూడా ఉంది. ఒక శీతాకాలపు మధ్యాహ్నం ఆ ఉపాధ్యాయుడు మనవడి చేయి పట్టుకుని దుకాణానికి వచ్చారు. బీరు ఇంట్లోనే ఉంది, పాత గ్లాసు పగిలిపోయింది, వెడల్పాటి నోరు ఉన్న గ్లాసు ఒకటి కావాలన్నారు. చూపించాను. వెలుతురుకు ఎత్తి పట్టుకుని, అంచు మీద వేలు తిప్పి చూసుకుని, రెండు ఇవ్వమన్నారు. బిల్లు రాసి ఇచ్చాను.